నీడన వేసిన నూలు

మంగళవారం. ముసురు తగ్గింది. గంజి పెట్టిన పంచెలు ఆరేశాను. ఆ వాసనకు పంతొమ్మిది వందల నలభైల నాటి మా నేత ఇల్లు గుర్తొచ్చింది. ఈ గంజి వాసన మీ ఇళ్ళలోనూ ఉండేది కదా?

నూలు ఎండలో ముందు ఆరుతుందో నీడలోనో ఇంట్లో పరీక్షించి రమ్మన్నారు మూడో తరగతి మాస్టారు. తప్పు చేస్తే బెత్తమే. గంజి పెట్టిన నూలు కట్ట, అదే చిలప, ఒకటి ఎండలో, ఒకటి నీడలో వేశాను.

మర్నాడు, "రెండూ ఒక్కసారే ఆరాయండీ" అన్నాను.

బెత్తం లేచింది. "నీడలోది ఎవరైనా కదిపారట్రా?"

"మా నాయనమ్మ ఎండలో వేసిందండీ. నీడనుంటే గంజి పులిసి కంపు కొడుతుందంట."

మాస్టారు బెత్తం దించారు. "మళ్ళీ చెయ్యి. ఈసారి మీ నాయనమ్మను కూడా నీడలోనే కూర్చోబెట్టు."

ఇంటికెళ్ళి ఆ మాటే చెప్పాను.

"కూర్చుంటాలే. ఆ కంపు నూలుతో నేసిన చీర మీ మాస్టారి పెళ్ళానికే అంటగడతాను" అంది నాయనమ్మ.