వట్టి తునకల కూర ఎవరిది?

రెండేళ్ల కింద సూర్యాపేట హైవే హోటల్లో తిన్న వట్టి తునకల కూరను ఈ బ్లాగులోనే తెగ పొగిడాను. ఎండబెట్టిన మటన్ ముక్కలు, గోంగూర. ఓనరు చెప్పాడని 'వాళ్ల నాయనమ్మ చేతి వంట' అని కూడా రాశాను. పోయిన నెల మిర్యాలగూడ నుంచి మరియమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. "ఆ హోటల్ల వండింది నేనే సార్. ఇప్పుడు నా సొంత మెస్సుల గదే కూర వండితే, సూర్యాపేట హోటల్ కూర కాపీ కొట్టినవంటున్నరు. మీరు రాసింది ఫోన్ల తీసి నాకే సూపెడుతున్నరు." నేను నమ్మలేదు. పదిహేనేళ్లుగా హోటళ్ల మీద రాస్తున్నాను, పోటీ హోటలువాళ్లు ఒకరి మీదికి ఒకరు ఉసిగొల్పిన మనుషుల్ని చాలామందినే చూశాను. కానీ ఆమెది నిజమైతే నేను రాసింది అబద్ధం. తేల్చుకుందామని బయల్దేరాను.

ఎల్‌బీ నగర్‌లో ఎనిమిదింటికి బస్సెక్కితే పదకొండు లోపే సూర్యాపేట. ఓనరు చూడగానే గుర్తుపట్టి, "సార్‌కు సెపరేట్‌గా తెండి!" అని లోపలికి కేకేశాడు. ఆ 'సెపరేట్' దగ్గరే నాకు అనుమానం. వచ్చింది ఎండబెట్టని మామూలు మటన్ కూరే, పైన ఇంత నూనె.

"తునకలు ఎవరు ఎండబెడతరు?"

"మా నాయనమ్మ ఉన్నప్పుడైతే సార్..."

"ఇప్పుడెవరు?"

"తినుండ్రి సార్, సల్లారితది."

బిల్లు వద్దన్నాడు. బలవంతంగా కట్టి బయటపడ్డాను.

కోదాడకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంట ప్రయాణం. నా రివ్యూ పుణ్యాన వెలిసిన ఆ హోటల్ బ్రాంచి అక్కడుంది. నన్నెవరూ గుర్తుపట్టలేదు. "తునకల కూర బోర్డు మీదే ఉందండీ, వంటింట్లో లేదు," అన్నాడు వెయిటరు. తర్వాత గొంతు తగ్గించాడు. "సూర్యాపేటలో వండే ఆవిడ జీతం పెంచమంటే తీసేశారండీ. ఇంకెవరికీ కుదర్లేదు. నా పేరు మాత్రం రాయొద్దు."

అయినా నా అనుమానం తీరలేదు. పని పోయిన మనిషి కోపంతో ఏమైనా అనొచ్చు కదా.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మూడు. "మరియమ్మ మెస్సా? సూర్యాపేట కూర అమ్మేటామె గదా, ఎక్కుండ్రి," అన్నాడు ఆటో అతను. రైస్‌మిల్లుల రోడ్డు మీద నాలుగు బల్లల మెస్సు. నేను పోలీసులా ఆరా తీస్తుంటే ఆమె పెరట్లోకి తీసుకెళ్లింది. తీగ మీద ఉప్పు, పసుపు పట్టించిన మాంసం ముక్కలు ఎండుతున్నాయి.

"ఇది మా ఇంటి కూర, మా అమ్మ నేర్పింది. ఆయన నాయనమ్మ ఎన్నడన్న తునకలు ముట్టిందా సార్? ఇయ్యాల ఇన్ని అడుగుతున్నవ్. ఆనాడు ఎవరు వండిండ్రని ఒక్కటి అడగకపోతివి."

అప్పటికే కూర గిన్నె ఖాళీ అయిపోయింది. తన కోసం ఉంచుకున్న కూరే నాకు వడ్డించింది. రెండేళ్ల కింద తిన్నది ఈ కూరేనని మొదటి ముద్దకే తెలిసిపోయింది.

అక్కడే కూర్చుని పాత రివ్యూ దిద్దాను: 'ఇది మరియమ్మ కూర. నేను తప్పు రాశాను.' ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని పక్క బల్ల దగ్గరున్న మిల్లు హమాలీకి అందించింది. "జర అందరికి ఇనబడేటట్టు సదువు." అతను చదివి, "అయితే దొంగలు గా హోటలోళ్లా!" అన్నాడు.

శ్రమదోపిడీ అని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో. అదే నేను, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడి కథ నమ్మి, పొయ్యి ముందు నిలబడ్డామె కూరను వాడి వంశానికి రాసిచ్చాను. ఓనరు అబద్ధమాడితే ఆడాడు, వంటింట్లోకి తొంగిచూసే ఓపిక నాకే లేకపోయింది. మీరు వెళ్లాలనుకుంటే నాలా మూడు ఊళ్లు తిరగొద్దు. పొద్దున్నే రైలెక్కి నేరుగా మిర్యాలగూడలో దిగండి, పన్నెండు దాటకముందే మెస్సుకు చేరుకోండి. మిల్లువాళ్లు భోజనానికొస్తే గిన్నెలో మీకేం మిగలదు.