హెల్తీగా ఉన్న పిల్ల

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరూ ఎవరి పిల్లనీ లావు అనరు. అంటే దిష్టి తగులుతుందని భయం. బొద్దుగా ఉందంటే తల్లి నొచ్చుకుంటుందని మొహమాటం. అందుకని అందరం కలిసి ఒక ఇంగ్లీషు మాట పట్టుకున్నాం: హెల్తీ. పక్క వీధి తెలంగాణ ఆంటీ మా ఆరేళ్ళ పిల్ల బుగ్గలు పుణికి, "ఏం పెడ్తున్నవమ్మా బిడ్డకు? మస్తు హెల్తీగైంది" అనేది. ప్రేమగానే అంటుందని తెలుసు, అయినా నాకు ఒళ్ళు మండేది. నా పిల్ల ఒళ్ళు మీకెందుకండీ అని నోటిదాకా వచ్చేది. అప్పుడే పులిహోర డబ్బా చేతిలో పెట్టిన మనిషిని ఏమంటాం? నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ ఏడాది స్కూల్ నుంచి ఒక కబురొచ్చింది. ఏ జబ్బూ లేని చిన్నపిల్లల్లో ఒంటి కొవ్వుకీ, ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడానికీ మధ్య ఏ హార్మోన్లున్నాయో యూనివర్సిటీ వాళ్ళు చూస్తున్నారట, ఇష్టమైతే పిల్లని తీసుకురమ్మన్నారు. "బాగున్న పిల్లకి సూదులెందుకే?" అన్నాడు మా ఆయన. నాకు మాత్రం మా నాన్న గుర్తొచ్చాడు. చిన్న వయసులోనే షుగరొచ్చి, పండగ పూట కూడా పాయసం గిన్నె పక్కకు నెట్టిన మనిషి. ఆ షుగరు నా కూతురి దాకా రాకూడదు. అంతే, సరేనన్నాను.

పరగడుపున వాళ్ళ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నొప్పి తెలియకుండా మోచేతి మడతలో క్రీము రాశారు. అది పనిచేసేలోగా డాక్టరమ్మ, నిదానమైన తెల్లావిడ, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నువ్వు హెల్తీ కాబట్టే నిన్ను రమ్మన్నాం అంది.

పిల్ల చెయ్యి లాక్కుంది.

"ఐ డోంట్ వాంట్ టు బీ హెల్తీ."

డాక్టరమ్మ తెల్లబోయింది. "సూది నొప్పెట్టదమ్మా" అన్నాను నేను. సూది కాదట. వెక్కుతూ ఇంగ్లీషులోనే చెప్పింది. ఆంటీలు హెల్తీ అనగానే అందరూ తన పొట్ట కేసి చూస్తారట. అందుకే స్కూల్లో లంచ్ సగం బిన్‌లో వేసేస్తోందట.

పిల్ల తెలుగులో బదులివ్వదు గనక మన మాటలు దానికి పట్టవనుకునేవాళ్ళం. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చిందని మురిసిపోయేదాన్ని కూడా.

డాక్టరమ్మకి మా హెల్తీ సంగతి చెప్పక తప్పలేదు. చెబుతుంటే సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని ఓపిగ్గా వివరించింది. కొవ్వంటే ఊరికే పేరుకున్న బరువు కాదట, అదీ ఒంట్లో పనిచేసే భాగమేనట. దాన్లోంచి వచ్చే ఒక హార్మోను ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడుకి కబురు పంపుతుంది. ఇంకొకటి ఇన్సులిన్ పనిని సులువు చేస్తుంది. కొవ్వు బాగా పెరిగితే మొదటిది ఎక్కువై, రెండోది తగ్గుతుందట. అప్పుడు అదే పనికి ఒంటికి ఎక్కువ ఇన్సులిన్ కావాలి. ఆ మార్పు ఏ జబ్బూ లేని పసిపిల్లల్లో కూడా మొదలవుతుందా అన్నదే వాళ్ళు చూస్తున్నారు. నీలో తప్పులు వెతకడానికి కాదు అని పిల్లతో చెప్పింది. ఎదిగే పిల్ల, భయపడి తిండి తగ్గించకండి అని నాతో చెప్పింది. కొవ్వు గురించి అంత మర్యాదగా మాట్లాడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. మా వాళ్ళందర్నీ తీసుకొచ్చి ఆ గదిలో కూర్చోబెట్టాలనిపించింది.

ఇష్టం లేకపోతే ఇప్పుడే ఇంటికెళ్ళిపోవచ్చు అని కూడా అంది. పిల్ల కాసేపు ఆలోచించి, మొహం నా భుజంలో దాచుకుని చెయ్యి చాపింది. రక్తం తీసేశారు.

తర్వాత నర్సు వెన్న రాసిన టోస్టు, ఆపిల్ ముక్కలు తెచ్చింది. రాత్రి నుంచి ఏమీ తినలేదేమో, పిల్ల కడుపు గురగురమనడం నాకు వినిపిస్తోంది. టోస్టు చేతిలో పట్టుకుని మెల్లగా అడిగింది.

"యామ్ ఐ అలౌడ్?"

"తిను తల్లీ" అన్నాను.

అది నా వైపు చూడలేదు. డాక్టరమ్మ తలూపేదాకా నా పిల్ల ఆ ముక్క కొరకలేదు.