దుమ్ము కొలిచే డబ్బా

కంచరపాలెంలో మా మేడ మీద పొద్దున్న చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లు నల్లబడతాయి. తెల్లచీర ఆరేస్తే తెల్లగా దిగదు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లం గనక రేవు నుంచి ఎగిరొచ్చే ఈ బొగ్గు దుమ్మును ఎండావానల్లో ఒకటనుకుని చీపురుతో సరిపెట్టుకుంటాం. నేనూ సరిపెట్టుకున్నాను, మా అప్పకు, అంటే అక్కకు, ఆయాసం మొదలయ్యేదాకా.

అప్ప, బావ కింది వాటాలో ఉంటారు. పైవాటా నాది. పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండమని డాక్టరు చెబితే అప్ప బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి, "ఎవురి కళ్లు పడ్డాయో నా మీద" అంది. ఆ సాయంత్రం నుంచి దీపాల వేళకు పడకగది తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయడం మొదలుపెట్టింది. ఊపిరాడని మనిషికి పొగ వైద్యం! కాలేజీ రోజుల నుంచి సభల్లో మూఢనమ్మకాల మీద విరుచుకుపడ్డవాణ్ణి నేను. హాలంతా చప్పట్లు కొట్టించినవాణ్ణి. నా ఇంట్లో ఒక్క మూకుడు నిప్పుల్ని ఆర్పలేకపోయాను.

మాటలతో కానిది అంకెలతో అవుతుందనుకున్నాను. మధురవాడ ఆఫీసులో వారమంతా ఎవరికోసమో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. ఆదివారాలు నావి. గాలిలో దుమ్మును కొలిచే సెన్సర్ ఒకటి తెప్పించి చిన్న బోర్డుకు కలిపాను. పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాకు కాల్చిన చువ్వతో బెజ్జాలు పెట్టి, అందులో రెంటినీ అమర్చి, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నీడలో ఉంచాను. అది కొలిచిందంతా ఫోన్లో గ్రాఫ్‌గా కనిపిస్తుంది. దుమ్ము ఏ వేళ ఎక్కువో తేలితే ఆ వేళ అప్పను మేడెక్కనివ్వకూడదు. నాకు కావలసింది అంతే.

గ్రాఫ్ నన్ను పిచ్చివాణ్ణి చేసింది. రోజంతా నేలకు అంటుకుని ఉండి, దీపాల వేళకు ఒక్కసారి కొండలా లేచి, కాసేపటికి కూలిపోయేది. తలుపులు మూసిన కింది గది పొగ మేడ మీదికి అంత రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వైరు మార్చాను. ఛార్జర్ మార్చాను. ప్రోగ్రాం మొత్తం చెరిపి మళ్లీ రాశాను. చివరికి సెన్సరే మార్చాను. కొత్తదీ అదే వేళకు అలాగే లేచింది.

ఒకరోజు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి తిన్నగా మేడెక్కాను. అప్ప పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, నిప్పుల మూకుడు నా డబ్బా చుట్టూ తిప్పుతోంది. డబ్బాకు నల్లదారం కూడా కట్టి ఉంది.

"ఏటప్పా, ఏటి సేత్తన్నావ్?"

"మిసన్‌కి పొగేత్తన్నాను. ఈదిలో అందరూ 'ఏటది, ఏటది' అని దాన్నే సూత్తన్నారు. దిస్టి తగిల్తే?"

"ప్లాస్టిక్ డబ్బాకి దిష్టేటప్పా!"

"నా ఊపిరి కోసం కట్టేవు గదరా. పాడైతే మళ్లీ ఆదివారమంతా తిండి మానేసి దానిమీదే కూకుంటావు."

కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ తీసి చూపించాను. పొగ దగ్గరికి రాగానే అంకె ఎగబాకింది. ఇంతకన్నా రుజువేం కావాలి? అప్పుడే మేడ మీదికొచ్చిన బావ నా భుజం మీంచి తొంగిచూశాడు.

"సూసేవా బావా, మిసనే సెప్తంది! పొగ తగల్గానే ఎలా గెంతుతందో. దిస్టి దిగడమంటే అదే మరి" అంది అప్ప ఆయనతో. బావ అవునని తలూపాడు.

సభల్లో నా ఎదుటివాళ్లు ఆధారం లేక ఓడిపోయేవారు. నా ఆధారాన్నే పట్టుకుని నన్ను ఓడించినవాళ్లు వీళ్లే.

బతిమాలాను. కొన్నాళ్లు ఇంట్లోనూ మేడ మీదా పొగ వేయవద్దన్నాను. నా మొహం చూసి అప్ప ఒప్పుకుంది. సాయంత్రపు కొండ మాయమైంది. ఇంకో సంగతి బయటపడింది. పొద్దున్న, సరిగ్గా అప్ప మేడ ఊడ్చి బట్టలారేసే వేళ, గ్రాఫ్‌లో గుట్ట లేచింది. నేను వెతుకుతున్న జవాబు! పరుగున కిందికి దిగి ఇద్దరికీ చూపించాను.

బావ ఫోన్ అందుకుని వేలితో పాత రోజుల్లోకి జరిపాడు. "పొగేసినన్నాళ్లూ పొద్దున్న ఏటీ లేదు. మానేసినాక సూడు, ఎంత గుట్ట లేసిందో. ఆపి ఉంచింది సాంబ్రాణే!"

లోపం నాదే. ఎంత పెద్ద కొండ వస్తే గ్రాఫ్ దానికి తగ్గట్టు కుదించుకునేలా నేనే రాశాను. కొండ పక్కన గుట్ట కనబడలేదు, కొండ పోయాక స్క్రీనంతా అదే అయింది. అదే మాట చెప్పి, పాత రోజులకీ కొత్త రోజులకీ ఒకే కొలత పెట్టి చూపించాను.

"బాగుంది. నీకు కావాల్సినట్టు మార్సుకుని, ఇదే నిజమంటావు" అన్నాడు బావ.

అప్ప అప్పటికే మళ్లీ పొగ వేయడానికి మూకుడు కడుగుతోంది. మేడ మెట్లమీదే కూలబడ్డాను. నేను గెలవడం, అప్ప ఊపిరి పీల్చడం ఒకటి కావని అప్పుడు తట్టింది. తట్టిందేగానీ మింగుడుపడలేదు, ఇప్పటికీ పడలేదు.

"అప్పా, గదిలో పొగొద్దు. మిషన్‌కి వెయ్యి, రోజూ వెయ్యి. నువ్వు మాత్రం మేడెక్కకు. మూకుడు బావ తీసుకెళ్తాడు. పొద్దున్న ఊడ్చేది నేను, బట్టలారేసేదీ నేనే."

"మిసన్‌కి వేత్తే దాని గుణం నాకు తగుల్తాదేటిరా?"

"నీ ఊపిరి కోసమే కట్టింది గదా. తగుల్తాది" అన్నాను. ఇన్నేళ్లలో ఏ సభలోనూ అంత పచ్చి అబద్ధం చెప్పలేదు.

అప్ప సరేనంది. బావ మాత్రం మెట్లెక్కాలని గొణిగాడు.

ఇక రోజూ సాయంత్రం నా లెక్క పాడవుతుంది. ఆ గంట రీడింగులు వదిలేయమని ప్రోగ్రాంలో ఒక షరతు రాశాను. దానికి ఏదో పేరు పెట్టాలి. పళ్లు నూరుకుంటూ 'దిష్టి' అని పెట్టాను.