అబ్బాయిరాజుగారి కారు తోక

అబ్బాయిరాజుగారికి గాలంటే పడదు. పడిశం పడుతుందని కాదు, కారుకి అడ్డం వస్తుందని. తాడేపల్లిగూడెంలో ఎండని తిట్టుకునేవాళ్ళున్నారు, వానని తిట్టుకునేవాళ్ళున్నారు. పనిగట్టుకుని గాలి మీద పగబట్టిన మనిషి మాత్రం ఆయనొక్కరే. యుద్ధం అయిపోయాక వేలంలో కొన్న పాత కారొకటి ఉంది ఆయనకి. అది పరుగెత్తకపోవడానికి కారణం ఇంజను ముసలిదవడమేనని ఊరంతా అంటుంది. ఆయన ఒప్పుకోరు.

"ఇంజను బంగారమండీ. గాలి దాన్ని పట్టుకుని వెనక్కి లాగేస్తోంది" అంటారు.

అందుకని గాలిని చీల్చడానికి కారుకి రేకు ముక్కు పెట్టించారు. అణచడానికి రేకు రెక్కలు పెట్టించారు. చీలిన గాలిని మర్యాదగా సాగనంపడానికి రేకు తోక పెట్టించారు. యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసి వదిలేసిపోయిన విమానాల రోడ్డు గూడెంలో ఉంది కదా, జనం వడ్లూ మిరపకాయలూ ఆరబోసుకునే చోటు. ప్రతి ఆదివారం ఆ ఏరోడ్రం ఈ చివర్నించి ఆ చివరికి కారు తోలేవారు. సగం దూరం పోకముందే ఏదో ఒకటి ఊడి ఎగిరిపోయేది.

ఎగిరిపోయినదాన్ని ఏరుకురావలసిన ఖర్మ నరసరాజుది. అబ్బాయిరాజుగారి భార్య రాజేశ్వరమ్మకి స్వయానా తమ్ముడతను. ఏలూరులో గుమాస్తా ఉద్యోగం. వారమంతా ఆఫీసులో కాగితాలు ఏరి, ఆదివారం రైలెక్కి గూడెం వచ్చి రేకులు ఏరేవాడు. బావగారి మాట కాదనలేడు, రేకు పట్టుకుంటే చెయ్యి తెగకుండా ఉండదు.

ఒకసారి ముక్కు ఊడింది. వెతగ్గా వెతగ్గా రోడ్డు వారన వెంకాయమ్మ అనే ఆవిడ గేదె ముందు కనిపించింది.

"అదండీ, మా బావగారి కారు ముక్కండీ" అన్నాడు నరసరాజు.

"ముక్కాండీ! కుడితి తొట్టిలా బాగుందని తవుడు కలిపేశానండీ. గేదె తాగేదాకా ఆగండి."

గేదె తీరిగ్గా తాగింది. అంతసేపూ నరసరాజు ఎండలో నిలబడ్డాడు. తవుడు కారుతున్న ముక్కుని తెచ్చి బావగారి ముందు పడేశాడు.

"మళ్ళీ ఊడిందండీ బావగారూ."

"ఊడలేదండీ. గాలి ఊడబీకింది" అన్నారు అబ్బాయిరాజుగారు, ఆకాశంకేసి గుర్రుగా చూస్తూ.

అసలు సంగతి నరసరాజుకి తెలుసు. ఆ రేకులన్నీ ఏలూరు కాలవగట్టున విశ్వాసం అనే ముసలాయన చేసేవాడు. ఒకప్పుడు కొల్లేటికోట పడవల్లో వెలిగే దీపాల డబ్బాలన్నీ ఆయన చేసినవే. ఇప్పుడు చూపు ఆనడం లేదు. తగరం కరిగించి మాటు పెడితే అది అతుకు మీద పడాల్సింది, అతుకు పక్కన పడేది. వేలితో తడుముకుని, "గట్టిగానే ఉందండీ, ఆయ్" అనేవాడు. అది గూడెం చేరేదాకా ఉండడమే గొప్ప.

"ఆయనకి కళ్ళు కనబడ్డం లేదండీ బావగారూ! మా ఏలూర్లో లారీ షెడ్లున్నాయి. అక్కడ చేయిద్దామండీ" అని నరసరాజు మొత్తుకునేవాడు.

"విశ్వాసం పనికి వంకేవిటండీ? తప్పంతా గాలిది. ఈసారి తోక ఇంకాస్త పొడుగ్గా చెయ్యమనండి."

చెప్పడం తేలికే. మోసుకురావడం ఎవరు? మనిషంత పొడుగు తోకని పాసింజరు బండిలో పెట్టుకుని వస్తుంటే టిక్కెట్లు చూసే ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఏవిటండీ ఇది?"

"తోకండీ."

"దేని తోకండీ?"

"కారుదండీ."

"మరి కారేదండీ?"

"గూడెంలో ఉందండీ."

టిక్కెట్లాయన నరసరాజుని కింద నుంచి పైదాకా చూసి, పక్క పెట్టెలో నలుగుర్ని పిలుచుకొచ్చి మరీ చూపించాడు. నరసరాజు భీమడోలు దాటేదాకా తలెత్తలేదు.

ఇదంతా ఎలాగో భరించేవాడే. కానీ నల్లజర్ల నుంచి సంబంధం ఒకటి వచ్చింది. పిల్లని చూడ్డానికి రమ్మన్నప్పుడల్లా ఆదివారమే రమ్మనేవారు. ఆదివారం నరసరాజు ఏరోడ్రంలో ఉండేవాడు. చివరికి, ఈ నెల దాటేలోగా రాకపోతే మా దారి మేం చూసుకుంటామని వాళ్ళు కబురు పంపారు. నరసరాజు అక్కగారి దగ్గర కూలబడి కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడు. రాజేశ్వరమ్మ కొంగు బిగించి మొగుడి ముందుకి వచ్చింది.

"ఏవండీ, నా తమ్ముడికి పెళ్ళి కావాలా వద్దా? ఈ రేకుల గోల ఎప్పుడు మానతారు?"

కోపమొస్తే అబ్బాయిరాజుగారు భార్యని కూడా గారూ అనేస్తారు. "చూడండి రాజేశ్వరమ్మగారూ! ఒక్కటంటే ఒక్కటి, ఈ చివర్నించి ఆ చివరిదాకా ఊడకుండా నిలబడితే, ఇంక ఈ కారుకి గుండుసూది కూడా గుచ్చను. మాటంటే మాట!"

ఆయన మాట ఇచ్చారంటే రాతి మీద గీతే. నరసరాజుకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క తోక నిలబడితే చాలు, తను బతికిపోయినట్టే.

ఆ శనివారం విశ్వాసం దగ్గర కొత్త తోక తీసుకుని, స్టేషనుకి పోకుండా తిన్నగా లారీ షెడ్డుకి పోయాడు. "తుఫానొచ్చినా ఇది ఊడకూడదండీ" అన్నాడు. వాళ్ళు ఇనప పట్టీలు వేసి, లారీకి వేసే బోల్టులు వేసి, పైన నల్లరంగు పూసి ఇచ్చారు. మర్నాడు ఏరోడ్రంలో, "మీరు శ్రమపడకండీ బావగారూ, ఇవాళ నేను బిగిస్తాను" అని, స్పానరు అరిగేలా తనే బిగించాడు.

కారు బయలుదేరింది. సగం దూరం పోయింది. ముందు తలుపు టపటప కొట్టుకుంది, దీపం ఒకటి వేలాడింది. తోక కదల్లేదు. కారంతా ఊడిపోయినా తోక మాత్రం నిలబడేలా ఉంది. అవతలి చివర తాకి, తిరిగి వచ్చి ఆగింది. వడ్లు తిరగేస్తున్న ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. నరసరాజు తలగుడ్డ విసిరి ఎగిరి గంతేశాడు.

అబ్బాయిరాజుగారు కారు దిగి వెనక్కి వెళ్ళారు. తోకని పట్టుకుని ఊపారు. కదల్లేదు. రెండు చేతులా లాగారు. బంపరుకి కాలు తన్నిపెట్టి మరీ లాగారు.

"ఇదేవిటండీ, ఊడలేదేవిటి?" అన్నారు, ఆముదం తాగిన మొహంతో.

"విజయం మనదేనండీ బావగారూ!"

ఆయన కారు మెట్టు మీద చతికిలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"నరసరాజుగారూ, బోల్టులు మీరు వేయించారాండీ?"

"ఆయ్... వేయించానండీ."

"కొంప ముంచారు కదండీ! ఇప్పుడు విశ్వాసం ఏం చేసుకుని బతుకుతాడండీ?"

"విశ్వాసం సంగతి ఎందుకండీ ఇప్పుడు?" అన్నాడు నరసరాజు.

"మీరన్నట్టు ఆయనకి చూపు లేదని నాకు తెలీదాండీ? ఊళ్ళో ఒక్కరూ పని చెప్పడం లేదు. ఒకసారి బియ్యం బస్తా పంపితే ఆ బండి మీదే తిరిగి వచ్చింది. పని చెప్పండి తింటాను, ఊరికే పెట్టకండి అన్నాడు. మాటు నిలబడ్డం లేదని అంటే సుత్తి అవతల పారేస్తాడు. తప్పు ఎవరో ఒకరి మీద వెయ్యాలి కదండీ? గాలైతే ఏమీ అనుకోదు."

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ!" నరసరాజుకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నా చేతులు చూడండి, ఎన్ని గాట్లో!"

"చెబితే మీరు జాలిపడతారండీ. మీ మొహంలో జాలి దాగదు. విశ్వాసానికి అతుకు కనబడకపోయినా అది మాత్రం కనబడుతుంది."

"అయితే గాలి కారుని లాగడం అబద్ధమాండీ?"

"ఛ! అది నిజమేనండీ. ఇంజను బంగారం!" అని అబ్బాయిరాజుగారు సీరియస్‌గా లేచారు. మళ్ళీ నీరసంగా కూర్చున్నారు. "కానీ మాట ఇచ్చేశాను. ఇంక ఆ కారుకి నేను ఏమీ కట్టకూడదు. మీరు వచ్చే ఆదివారం నల్లజర్ల వెళ్ళొచ్చు లెండి."

సోమవారం సాయంత్రం ఆఫీసు అవగానే నరసరాజు సైకిలు మీద కాలవగట్టుకి వెళ్ళాడు. దారి పొడుగునా బావగారిని తిట్టుకున్నాడు, లారీ షెడ్డుని తిట్టుకున్నాడు, చివరికి తనని తిట్టుకున్నాడు. సైకిలు చప్పుడుకి విశ్వాసం తలెత్తాడు.

"బాబుగారాండీ? తోక నిలబడిందాండీ?"

"నిలబడిందండీ. ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. చప్పట్లు కొట్టారు."

ముసలాయన మొహం వెలిగిపోయింది. చేతిలో సుత్తి కింద పెట్టి నవ్వాడు, మళ్ళీ నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు సన్నగిల్లింది.

"అయితే రాజుగారికి ఇంక పనుండదన్నమాట."

"ఆయనకి లేదండీ." నరసరాజు సైకిలు ముందుకి తోశాడు. "నాకు కావాలి. నా సైకిలుకి."

"సైకిలుకి తోకాండీ?"

"ఎదురుగాలి చంపేస్తోందండీ. తొక్కలేకపోతున్నాను."

విశ్వాసం లేచి వచ్చి, సైకిలు వెనక చక్రాన్ని వేళ్ళతో తడిమాడు, జానతో కొలిచాడు. అతని మొహంలో పనివాడి ఉత్సాహం వచ్చేసింది.

"తోకొక్కటీ అయితే బరువు వెనక్కి పడుద్దండీ. ముక్కు కూడా ఉండాలి. పెట్టెయ్యనాండీ?"

ఏలూరు బజారంతా, ఆఫీసులో నవ్వబోయే మొహాలన్నీ నరసరాజు కళ్ళముందు తిరిగాయి. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"పెట్టెయ్యండి" అన్నాడు.