అత్తయ్య మరకల పుస్తకం

మా అత్తయ్య పదో తరగతి దాటలేదు. అయినా మా లాండ్రీ కొట్లో ఎవరు ఏ సంగతి చెప్పినా ఆవిడ మొదటి ప్రశ్న, "ఎవరు చెప్పారు?" కౌంటరు సొరుగులో ఆవిడ నోటుపుస్తకం ఒకటుంది. ఏ మరక దేనితో పోతుందో ఒక పక్కన రాసి, ఎదురుగా ఆధారం రాస్తుంది. సిరా మరకకు ఎదురుగా 'ఆయన' అని ఉంటుంది. అంటే పోయిన మా మామయ్య. ఇంటర్నెట్లో విజ్ఞాన సర్వస్వం తెరిస్తే అందరూ పైనుంచి చదువుతారు. ఆవిడ మాత్రం అట్టడుగున ఉన్న ఆధారాల పట్టికతో మొదలుపెడుతుంది. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఫోన్లో ఏఐని అడిగితే చిటికెలో చెబుతుంది. దానికి అత్తయ్య పెట్టిన పేరు వాగుడుకాయ.

కిందటి నెల ఒక టీచరమ్మ తెల్ల స్వెటర్ తెచ్చింది. మెడ దగ్గర పసుపు మరక.

"మా అమ్మ అల్లినవాటిలో మిగిలింది ఇదొక్కటేనండీ. ఆదివారం అక్కచెల్లెళ్ళం కలుస్తున్నాం, వేసుకోవాలి," అంది.

అత్తయ్య బ్యాంకుకు వెళ్ళింది. తెల్లబట్ట మీద పసుపు మరక ఎలా పోతుందని వాగుడుకాయను అడిగాను. బ్లీచ్ అంది. సీసా తీశాను.

మా కొట్లో ఒక నియమం ఉంది. ఏ మందైనా ముందు లోపలి కుట్టు మీద ఒక్క చుక్క వేసి, కాసేపు ఆగి చూడాలి. విసుక్కుంటూనే వేశాను. ఆ చోటు పసుపుపచ్చగా మారింది. గోటితో తాకితే పోగు పుటుక్కున తెగి చిన్న చిల్లు పడింది. సీసా మూత బిగించేశాను.

అత్తయ్య వచ్చి చూసింది. తిట్టలేదు.

"ఇది ఉన్ని అని దానికి చెప్పావా?"

"లేదత్తయ్యా."

"మరి పాపం దానికేం తెలుస్తుందే!"

విజ్ఞాన సర్వస్వంలో ఉన్ని పేజీ తెరిచింది. బ్లీచ్ ఉన్నిని పాడుచేస్తుందని అక్కడ ఉంది, అడుగున ఆధారమూ ఉంది. కానీ మెడ మరక ఎలా తీయాలో లేదు.

"ఇప్పుడు నీ వాగుడుకాయనడుగు. అన్నీ చెప్పి అడుగు," అంది.

అడిగాను. అది చెప్పిన ఒక్కో మాటనూ ఆ పేజీతో సరిచూసి, మళ్ళీ లోపలి కుట్టు మీద పరీక్షించి, అప్పుడుగానీ అత్తయ్య నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. గోరువెచ్చని నీళ్ళు, పలచటి సబ్బు, రెండు రోజుల ఓపిక. మరక పోయింది.

శనివారం టీచరమ్మకు అత్తయ్య ముందు చిల్లు పడ్డచోటే చూపించింది. "పొరపాటు మా కొట్టుదమ్మా. ఉన్ని దారంతో రఫూ చేశాను." నా వైపు చూడను కూడా చూడలేదు.

టీచరమ్మ రఫూ తడిమి చూసుకుంది. "చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదండీ."

"అందుకే చెప్పాను," అంది అత్తయ్య.

ఆ సాయంత్రం సొరుగు తీస్తే పుస్తకంలో కొత్త వరుస కనిపించింది. 'ఉన్నికి బ్లీచ్ వద్దు.' ఎదురుగా విజ్ఞాన సర్వస్వం పేరు రాయొచ్చు, రాయలేదు. 'మా కోడలు. కళ్ళారా చూసింది,' అని ఉంది. మామయ్య ఉన్న పేజీలోనే.

నాకు కళ్ళు చెమర్చాయి. మీ అంత మంచి మనిషి ఇంకెవరూ లేరత్తయ్యా అని చెప్పాలనిపించింది. "ఎవరు చెప్పారు?" అంటుందని ఊరుకున్నాను.