గొర్రెపిల్ల అరుపు ఆగిన కథ

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఒక మాట చెబుతాను. ఆత్మకూరు బడిలో చదివే మా మనవరాలు ఒక సాయంత్రం పాఠంలోని కథ చదువుతుంటే నేను ఊఁ కొడుతున్నాను. తప్పిపోయిన గొర్రె కోసం కాపరి కొండంతా వెతుకుతున్నాడు. దొడ్లో దాని పిల్ల అరుస్తోంది. "చీకటి పడేసరికి పిల్ల అరుపు ఆగింది" అంటూ కథ అయిపోయింది. నా నోట ఊఁ రాలేదు.

"తల్లి వచ్చిందా, పిల్ల చచ్చిపోయిందా? చెప్పవే!"

"రాయలేదవ్వా. ఎందుకు రాయలేదో రేపు క్లాసులో నేను చెప్పాల. తెలీదంటే అందరూ నవ్వతారు." అంతలో నా మొహం చూసి ఎగిరి గంతేసింది. "ఊఁ కొట్టేది మరిచిపోయి నువ్వే ఆ దొడ్లోకి పోయినావు గదవ్వా! అందుకే రాయలేదు!"

మర్నాడు క్లాసులో అదే చెప్పిందట. నాకు మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎక్కడో కూర్చుని రాసిన మనిషి, ఒక్క మాట చెప్పకుండా వదిలి నా కళ్లలో నీళ్లు తెప్పించాడు.

మీ గడప దాటి పోయిన ప్రతి ప్రాణీ పొద్దుగూకేలోగా చల్లగా ఇల్లు చేరాలమ్మా.