వ్యూ పాయింట్ దగ్గర పళ్ళు తోమడం

మా బడి ఘాట్ రోడ్డు మలుపులో ఉంది. ఎదురుగా లోయ, చలికాలంలో లోయ నిండా పచ్చని వలిసె పూలు. అందుకని ఆ మలుపుకి వ్యూ పాయింట్ అని పేరొచ్చింది. ఆ వ్యూలో మా పిల్లలు కూడా భాగమేనని మైదానం నుంచి కార్లలో వచ్చేవాళ్ళు ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.

వాళ్ళకి పిల్లలంటే ఎంత ప్రేమో చెప్పలేను. కారు ఆపగానే చాక్లెట్ల పొట్లం తీస్తారు. పూలు వెనక, పిల్లలు వరసగా, తాము మధ్యలో, చాక్లెట్ అందరికీ కనిపించేలా పైకెత్తి ఒక ఫోటో. ఈలోగా వాళ్ళ సొంత బిడ్డ చెయ్యి చాస్తే "నీకొద్దు నాన్నా, పళ్ళు పుచ్చిపోతాయి" అంటారు. ఇది నా కల్పన కాదు. అంత కల్పనాశక్తి ఉంటే బడిపంతులు ఎందుకవుతాను?

ఈ ప్రేమకి విరుగుడుగా నేను బడిలో పొద్దున్నే పళ్ళు తోమించడం మొదలుపెట్టాను. గోడకి మేకులు కొట్టి బ్రష్షులు తగిలించాం. పేర్లు చదవడం రాని ఒకటో తరగతి వాళ్ళ బ్రష్షులకి తలో రంగు దారం కట్టాం. పేస్టు శనగగింజంత పెడితే తోముకునేవాళ్ళు, ఎక్కువ పెడితే మింగేవాళ్ళు. శుభ్రత మీద నా ఉపన్యాసం ఎవరూ వినలేదు. నేనే వాళ్ళ ముందు నిలబడి తోముకుంటే నవ్వారు, నవ్వుతూ తోమారు. కాలవలోకి నురగ ఎవరు దూరం ఉమ్ముతారో పోటీ పెట్టాక ఇక అడగాల్సిన పని లేకపోయింది.

బ్రష్షుకి ఎర్ర దారం ఉన్న గుంటకి (ఇక్కడ ఆడపిల్లని గుంట అంటారు) మాత్రం ఆలస్యమైపోయింది. ముందు పళ్ళు వేయించిన కాఫీ గింజల్లా ఉండేవి. ఒకరోజు పై పెదవి వాచి, అంబలి కూడా ముట్టకుండా కూర్చుంది. వాళ్ళ మామ్మకి కబురు పెట్టాను.

"పాలపళ్ళేగా మాస్టారూ," అంది మామ్మ. "ఊడిపోయే పళ్ళకి తోముడేటి?"

ఈ వాదన కొండల్లో పుట్టిందనుకోకండి. ఇదే మాట ఏసీ గదుల్లో కూర్చునే మా పై అధికారుల నోట, కాస్త ఇంగ్లీషు కలిపి, విన్నాను. చీము లోపలికి దిగితే కింద తయారవుతున్న పన్ను కూడా చెడుతుందని మామ్మకి చెప్పి, ఇద్దరినీ జీపులో పాడేరు తీసుకెళ్ళాను.

పళ్ళ డాక్టరు పన్ను పీకేశాడు. ఈ కొండవాళ్ళకి శుభ్రత అంటే తెలీదని నాతో విచారం వెలిబుచ్చాడు. గుంట ఏడవలేదని మెచ్చుకుని, సొరుగు తీసి బహుమతిగా చాక్లెట్ ఇచ్చాడు. ఆయన వెనక గోడ మీద చాక్లెట్‌ని అడ్డంగా కొట్టేసిన బొమ్మ ఉంది. ఆ బొమ్మా, ఈ సొరుగూ ఒకే గదిలో ఎలా ఇముడుతున్నాయో నేను అడగలేదు.

గుంట చాక్లెట్ జేబులో వేసుకుని, మళ్ళీ చెయ్యి చాపింది.

"ఇంకోటి కావాలా?" అన్నాడు డాక్టరు.

"నా పన్ను."

ఊడిన పన్నుని ఇంటి కప్పు మీదికి విసరాలి. లేకపోతే కొత్తది రాదు. అది డాక్టరుకీ చిన్నప్పుడు తెలిసే ఉంటుంది, చదువులో ఎక్కడో జారవిడుచుకున్నాడు. డబ్బాలో పారేసింది తియ్యకూడదన్నాడు. గుంట మళ్ళీ కుర్చీ ఎక్కి కూర్చుంది. తరువాతి రోగి తలుపు దగ్గర నిలబడ్డాడు. మామ్మ మనవరాలిని దిగమనలేదు. నేను గోడ మీది బొమ్మ చూస్తూ ఉండిపోయాను. చివరికి డాక్టరు పటకారుతో వెతికి, పన్నుని దూదిలో చుట్టి ఇచ్చాడు.

తిరుగు జీపులో గుంట దూది విప్పి చూసింది.

"ఇది ఇసిరేత్తే కొత్తది వత్తాదా మాస్టారూ?"

"వస్తుంది."

"అదీ నల్లగయిపోతాదా?"

"తిన్నాక తోముకుంటే అవదు" అన్నాను. జీపు కుదుపుల్లో అంతకన్నా వివరించే వీలు లేదు.

వలిసె పూసేవేళకి కొత్త పన్ను సగం దిగింది. తెల్లగా, కొస రంపంలా. కార్లూ దిగాయి. రోడ్డు మీదికి పోవద్దని పిల్లలకి చెప్పాను. చాక్లెట్‌తో పోటీపడి గెలిచిన పంతులు ఈ జిల్లాలో లేడు.

ఒక ఆదివారం నేను సంతకి జీపు కోసం మలుపులో నిలబడ్డాను. తెల్ల కారొకటి ఆగింది. పూలు, వరస, పైకెత్తిన చాక్లెట్, ఫోటో, అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. ఎర్ర దారం గుంట చాక్లెట్ తినేసి, నడుముకి దోపుకున్న బ్రష్షు తీసింది. వెనక మిగతావాళ్ళూ తీశారు. మేకులు ఖాళీ చేసి, పేస్టు కూడా పట్టుకొచ్చారన్నమాట. వరస చెదరకుండా, కారు పక్కనే, బడిలో నేర్చుకున్నట్టే తోమడం మొదలుపెట్టారు.

ఇంకో ఫోటోకి నవ్వమని అడిగాడు కారు పెద్దమనిషి.

"ఉండండి బాబూ, తోముడవనేదు," అంది గుంట నురగలోంచి.

తరువాత ఉమ్ముపోటీ. కొత్త పన్ను సందులోంచి గుంట ఉమ్మిన నురగ కారు టైరు దాటింది. కారు దిగిన ఆడవాళ్ళు చీరలు ఎత్తి పట్టుకున్నారు. పిల్లలు నా వైపు చూడడంతో పెద్దమనిషి నేనే పంతులునని పోల్చుకుని, నాలుగు మంచి అలవాట్లు నేర్పకూడదా మాస్టారూ అని మందలించాడు. నేర్పినవి అవేనని చెప్పాను. ఆయనకి ఎందుకో తృప్తి కలగలేదు. మిగిలిన చాక్లెట్ల పొట్లంతో సహా కారు వెళ్ళిపోయింది.

గుంట నా దగ్గరకొచ్చి పెదవి పైకెత్తింది.

"నల్లగయిందా మాస్టారూ?"

వంగి, వెలుతురుకి తిప్పి చూశాను. "ఇంకా లేదు."

బ్రష్షు గౌనుకి తుడుచుకుని నడుముకి దోపుకుంది. తరువాతి కారు ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.